కస్మిన్ జెండా అబద్ధం చెప్పదు

కస్మిన్ వెనక్కి నడుస్తూ ఊడుస్తున్నాడు. ముందుకు నడుస్తూ ఊడిస్తే ఊడ్చిన నేల మీదే కాలు పడుతుంది. వెనక్కి ఊడిస్తే చీపురు గీతలు తప్ప మనిషి తిరిగిన గుర్తు మిగలదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా సపోటా జాగాను అతను ఇలాగే ఊడుస్తున్నాడు. పొద్దు పొడిచేసరికి నేల తల దువ్వినట్టు ఉండాలి. ఆ గీతల మీద మొదటి అడుగు ఎవరిదైనా కావచ్చు, అతనిది మాత్రం కాకూడదు.

ఈ రోజు మూడుసార్లు ఆగాడు. ఎడమ చెయ్యి మోచేతి నుంచి చిటికెనవేలి దాకా లాగుతోంది. ఆగినప్పుడల్లా చీపురు కర్ర మీద గడ్డం ఆనించి, లాగడం తగ్గేదాకా ఉండి, మళ్ళీ వెనక్కి అడుగు వేశాడు. నెల కిందట ఆరోగ్యకేంద్రంలో డాక్టరమ్మ అతని ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. "నీ గుండె సగమే పనిచేస్తోంది తాతా. చీపురు పక్కన పెట్టు" అంది. "మిగతా సగం ఎవరి దగ్గరుందో చెప్పు, పోయి తెచ్చుకుంటా" అన్నాడు కస్మిన్. ఆ అమ్మాయి నవ్వలేదు. మాత్రలు రాసిచ్చింది. నాలుగు రోజులు వేసుకుని మానేశాడు. వేసుకుంటే కళ్ళు తిరిగేవి. కళ్ళు తిరిగితే గీతలు వంకర పోతాయి.

పొట్టి మనిషి. కుడి భుజం ఎడమ దానికంటే రెండు వేళ్ళు కిందికి దిగి ఉంటుంది. చీలమండలు ఉబ్బి చర్మం మెరుస్తోంది. బొటనవేళ్ళ గోళ్ళు కొమ్ములాగా గట్టిపడి పసుపు రంగుకు తిరిగాయి. ఒంటి మీద ఎప్పటిదో ఎన్నికల చొక్కా. దాని మీది నాయకుడి ముఖం ఉతుకుల్లో పోయి, కళ్ళద్దాలు మాత్రం మిగిలాయి. చేతిలో కొబ్బరి ఈనెల చీపురు, మనిషి ఎత్తు వెదురు కర్ర. ఈనెల్ని సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టాడు. అతని చేతివాటానికి ఈనెలు ఎడమవైపు అరిగి ఏటవాలుగా తయారయ్యాయి. వేరేవాళ్ళు పట్టుకుంటే ఆ చీపురు పక్కకు లాగుతుంది.

జాగా నలభై అడుగుల పొడుగు, ముప్పై అడుగుల వెడల్పు. అవి కస్మిన్ అడుగులు. మధ్యలో ఒకే ఒక సపోటా చెట్టు. జకార్తాలో కెబోన్ సావో వాడ ఇళ్ళన్నీ దాని చుట్టూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. సందుల్లో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాలి. మోటారు సైకిలు వస్తే ఎవరింటి గుమ్మంలోకైనా ఎక్కాలి. సందుల్లో పట్టనివన్నీ జాగాలోకే వస్తాయి. పెళ్ళి పందిరి, బాడ్మింటన్ వల, తడిసిన పరుపులు, ఎండబెట్టే అప్పడాలు, బక్రీదు గొర్రెలు. శవం కూడా. మసీదు వాళ్ళు శవాన్ని మోసే ఇనప జనాజా రెండో సందు మలుపు తిరగదు. అందుకని ఎవరు పోయినా ఇంట్లోంచి చేతుల మీద తెచ్చి, జాగాలో జనాజాలోకి దించుతారు. ఈ వాడలో ప్రతి మనిషీ చిట్టచివర ఒళ్ళు చాపుకునేది ఇక్కడే.

ఆ జాగాకు అంచు పొడుగునా పదకొండు గుంతలున్నాయి. మంగళవారం తవ్వారు. ఈ రోజు గురువారం. ఇనప స్తంభాలు వస్తాయి. వాటికి రేకులు కొడతారు, తలుపు పెడతారు, తాళం వేస్తారు. మెయిన్ రోడ్డు మీద కొత్తగా కట్టిన పెద్ద దుకాణానికి కార్లు నిలపడానికి చోటు కావాలట. వాడ పెద్ద సుబేక్తి కాగితం రాశాడు. 'ఈ స్థలము ఖాళీగా ఉన్నది. ఎవరి వాడుకలోనూ లేదు.' కింద వాడంతా సంతకాలు పెట్టింది. ఇంటికొక వంటనూనె పొట్లం పంచారు. చదివి పెట్టినవాళ్ళు ఎవరూ లేరు. చదవడం వచ్చినవాళ్ళు కూడా చదవలేదు.

కస్మిన్ పెట్టలేదు. తాలూకా ఆఫీసుకు నడిచి వెళ్ళి, మూడు గంటలు బల్ల మీద కూర్చుని, గుమాస్తాను అడిగి వచ్చాడు.

"ఈ శుక్రవారం నమాజు అయ్యాక ఆఫీసరు వచ్చి చూస్తారు తాతా" అన్నాడు గుమాస్తా. "కంచె ఉండి, లోపల ఖాళీగా ఉంటే కాగితం నిజమైనట్టు. సంతకం పెట్టేస్తారు. జనం వాడుకుంటూ కనపడితే పెట్టరు. అంతే."

"ఒక్కరోజు చూసి చెప్పేస్తాడా?"

"ఆయనకు ఇలాంటి వాడలు పందొమ్మిది ఉన్నాయి. ఒక్కరోజు రావడమే ఎక్కువ."

ఇక్కడికి వచ్చిన కొత్తల్లో ఇది జాగా కాదు, చెత్తగుంట. కస్మిన్ బ్రెబెస్ నుంచి ఉల్లిపాయల లారీ మీద వచ్చాడు. బస్తాలు దించాడు. లారీ వెళ్ళిపోయింది, అతను ఉండిపోయాడు. ఎక్కడ ఇల్లు పడగొడితే అక్కడి పెళ్ళలు గంపకెత్తుకొచ్చి రెండేళ్ళు ఆ గుంట పూడ్చాడు. పూడ్చమని ఎవరూ చెప్పలేదు. పూడ్చాక మెచ్చుకున్నవాళ్ళూ లేరు. కాలు దిగకుండా నడవగలిగాక మాత్రం అందరూ నడిచారు. అతని భార్య రుమీనా పదిళ్ళ బట్టలు ఉతికి ఇక్కడే ఆరేసేది. పిల్లలు లేరు. పిల్లలున్నవాళ్ళ గతి ఏమయిందో ముప్పై ఏళ్ళుగా చూశాడు గనక ఆ బాధ పెట్టుకోలేదు. ఆరేళ్ళ కిందట రుమీనా పోయింది. ఆ రోజు జనాజా వచ్చేలోపల అతను జాగా అంతా ఊడ్చాడు. ఊడ్చాకే ఏడ్చాడు.

నాలుగో గుంత సపోటా చెట్టుకు ఎదురుగా ఉంది. ఊడ్చిన ఆకులన్నీ తెచ్చి దాంట్లో పోశాడు. పక్కన కుప్పగా ఉన్న మట్టిని కాలితో తోసి, కర్రతో దిమ్మెస కొట్టాడు. గుంత నిండింది. మిగతా పదీ పూడ్చేంత ఊపిరి లేదు. ఆ సంగతి చెయ్యే చెప్పింది.

కర్ర చెట్టుకు ఆనించి, జాగా మూలన ఉన్న తన రేకుల గదిలోకి వెళ్ళాడు.

మంచం కింద పసుపు కాగితాల చుట్ట ఉంది. వాడలో ఎవరు పోయినా పసుపు జెండా కట్టేది కస్మినే. సన్నని వెదురు పుల్లకు పసుపు కాగితం అన్నం మెతుకులతో అతికించి, మెయిన్ రోడ్డు మీద సందు మొదట్లో ఒకటి, జాగా అంచున ఒకటి నాటుతాడు. ఆ జెండా చూశాక వాడలోకి వచ్చే బండి హారన్ కొట్టదు. ఇల్లు కట్టేవాళ్ళు సుత్తి కింద పెడతారు. శవం లేచేదాకా మేకు కూడా కొట్టకూడదు. జెండాను నాటినవాడే తియ్యాలి, ఇంకొకరు ముట్టుకోరు. పోయినవాళ్ళ ఇంటివాళ్ళు వచ్చి పేరు చెప్పనిదే కస్మిన్ కాగితం కత్తిరించడు. ఒకసారి పాల్మో ముసలాయన పోయాడని కొడుకులు పరిగెత్తుకొస్తే, ఇంటికి వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, "ఇంకా ఉన్నాడు" అని తిరిగొచ్చాడు. నిజంగానే ఇంకా రెండు రోజులు ఉన్నాడు ఆయన. ఆనాటి నుంచి వాడలో ఒక మాట నిలిచిపోయింది. మసీదు మైకు పొరపాటు పడొచ్చు గానీ కస్మిన్ జెండా అబద్ధం చెప్పదని.

నిన్నటి అన్నంలోంచి నాలుగు మెతుకులు తీశాడు. వేలితో నలిపాడు. ఎవరూ వచ్చి పేరు చెప్పలేదు. రెండు జెండాలు కట్టాడు.

*

తిజా కొట్టు సందు మొదట్లోనే ఉంది. పొద్దున్నే కొబ్బరిపాల అన్నం, వేయించిన సోయాగింజల టెంపే ముక్కలు, పచ్చిమిరప నూరిన కారం. యాభై దాటిన మనిషి. నోరు మూతపడటం ఎవరూ చూడలేదు. కస్మిన్ జెండా నాటుతుంటే గరిటె పట్టుకుని అలాగే బయటికి వచ్చింది.

"అయ్యో! ఎవరు బాబాయ్?"

కస్మిన్ పదకొండు రోజులుగా ఆమెతో మాట్లాడటం లేదు. పదకొండు రోజులుగా ఆమె కాఫీ కూడా ముట్టలేదు.

"ఎవరూ అని అడుగుతున్నా కదా. మైకులో చెప్పలేదేంటి? సుయాతీ అత్తగారా? నిన్న కూడా నా దగ్గర తిట్టుకుంటూ రెండు పొట్లాలు తినింది గదా!"

పుల్ల చుట్టూ మట్టి నొక్కాడు.

"మాట్లాడకపోతే పో. సంతకం పెట్టాను, అవును. నూనె పొట్లం తీసుకున్నాను, అవును. నీ కళ్ళ ముందే దాంట్లో టెంపే వేయించాను. ఇప్పుడేం, చంపుతావా?" అంది తిజా. "నా కూతురి పెళ్ళికి చీపురు అడిగితే ఇచ్చావా నువ్వు? ఇచ్చి ఉంటే వాన పడేదా? నేను ఆ సంగతి మర్చిపోయి నీకు ఇన్నేళ్ళు కాఫీ పొయ్యలేదా?"

పందిరి వేసిన రోజు వాన రాకుండా ఉండాలంటే ఊడ్చే చీపుర్ని తలకిందులుగా నేలలో పాతి, ఈనెలకు ఎర్ర మిరపకాయలూ చిన్న ఉల్లిపాయలూ గుచ్చాలి. అందరూ చేస్తారు. కస్మిన్ మాత్రం చీపురు ఎవరికీ ఇవ్వడు.

"చీపురు ఊడవడానికి" అన్నాడు. పదకొండు రోజుల తరవాత ఆమెతో అన్న మొదటి మాట అదే. లేచి, మోకాళ్ళ మట్టి దులుపుకుని, రెండో జెండా పట్టుకుని జాగా వైపు నడిచాడు.

తిజా వెనకనుంచి అరిచింది. "పోయినవాళ్ళ పేరు కూడా చెప్పకూడనంత పగా నామీద?"

*

తొమ్మిదింటికి లారీ వచ్చింది. సందు మొదట్లోనే ఆగిపోయింది. మేస్త్రీ దర్సో దిగి, జెండా చూసి, నెత్తి మీది టోపీ తీశాడు. డ్రైవరు వైపు చెయ్యి ఊపాడు. ఇంజను ఆగింది. నడిచి జాగా దాకా వచ్చాడు. రెండో జెండా దగ్గర కస్మిన్ పీట వేసుకుని కూర్చున్నాడు.

"పెద్దాయనా, ఎవరు పోయారు?"

"నువ్వు ఏ ఊరివాడివి?"

"తెగల్."

"మా పక్కనే. అయితే జెండా సంగతి నీకు చెప్పక్కర్లేదు. కూర్చో."

దర్సో పిక్కల మీద కూర్చున్నాడు. లవంగాల సిగరెట్టు ఒకటి కస్మిన్‌కు ఇచ్చి, ఒకటి తను ముట్టించాడు. నల్లగా, పలచగా, కణతల దగ్గర నెరిసిన మనిషి.

"శవం ఎప్పుడు లేస్తుంది?" అని అడిగాడు.

"పోయేవాడు ఇంకా తయారవుతున్నాడు."

దర్సో సిగరెట్టు నోట్లోంచి తీశాడు. ముసలాడి ముఖం వైపు, ఉబ్బిన చీలమండల వైపు, పూడ్చిన నాలుగో గుంత వైపు వరసగా చూశాడు. లేచి లారీ దగ్గరికి వెళ్ళి మనుషులతో చెప్పాడు. "దిగండి. అన్నాలు తినండి. పని లేదు."

పదింటికి మసీదు చూసుకునే ముక్రి వచ్చాడు. లుంగీ ఎగగట్టి, పరిగెత్తినంత పని చేసి.

"కస్మిన్, నాకెవరూ చెప్పలేదే! మైకులో ఏ పేరు చెప్పను? నీళ్ళు కాగబెట్టమంటావా?"

"కాగబెట్టు."

"ఎవరికి?"

"మనిషి కొలత నాలాంటిదే. గుడ్డ ఎక్కువ పట్టదు."

ముక్రికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక గొంతు తగ్గించాడు. "ఇది పాపం, కస్మిన్."

"ఆ కాగితం మీద నువ్వు కూడా సంతకం పెట్టావు గదా ముక్రీ. నీ పాపం నేను అడిగానా?"

ముక్రి వెళ్ళిపోయాడు. మైకు మోగలేదు.

సుబేక్తి వచ్చేసరికి పదకొండు. ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు, చేతిలో ఫోను. ఇదే వాడలో పుట్టాడు. ఈ జాగాలోనే సైకిలు నేర్చుకుని మోకాలు చీరుకున్నాడు. ఈ జాగాలోనే పందిరి వేయించుకుని పెళ్ళి చేసుకున్నాడు. అతని వెనక ఆడవాళ్ళు, పనికి పోనివాళ్ళు, పనిలేనివాళ్ళు ఒక్కొక్కరే సందుల్లోంచి వచ్చి గోడల వెంట నిలబడ్డారు.

"ఎవరు బాబాయ్ పోయింది?" అన్నాడు మెత్తగానే.

"వాడ పెద్దవి నువ్వు. లెక్క నీ దగ్గర ఉండాలి. పోయి చూసుకో."

సుబేక్తి నిజంగానే వెళ్ళాడు. మూడు సందులూ తిరిగాడు. ప్రతి తలుపూ తట్టాడు. సుయాతీ అత్తగారు అతన్ని తలుపు తట్టినందుకు తిట్టింది. మంచం పట్టిన మర్జుకీ తాతను లేపి మరీ చూశాడు. తిరిగొచ్చేసరికి ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"అన్ని ఇళ్ళూ చూశాను. అందరూ బతికే ఉన్నారు."

"బాగా చూశావా?" అన్నాడు కస్మిన్. "సంతకాలు పెట్టిన రోజు నుంచీ నాకైతే ఒక్కరూ బతికున్నట్టు కనపడటం లేదు."

గోడల వెంట నిలబడినవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. వెంటనే ఆపుకున్నారు.

"ముసలివాడివని ఊరుకుంటున్నా. శవం లేకుండా జెండా నాటితే శవాన్ని పిలిచినట్టే. నీకు తెలీదా?"

"తెలుసు. పిలిచాను."

సుబేక్తి జెండా వైపు చెయ్యి చాపాడు. పుల్లను పట్టుకున్నాడు కూడా. అప్పటిదాకా పక్కన కూర్చున్న దర్సో లేచాడు.

"సారూ, అది ముట్టుకోకండి. నాటినవాడే తియ్యాలి. మీరు పీకితే నా మనుషులు ఈ జాగాలో గునపం దించరు. నేనూ దించను."

"నీకు పని ఇచ్చింది నేను."

"పని మీరిచ్చారు. నా ఇంట్లో పిల్లలున్నారు."

"మీ అమ్మ జెండా నాటింది నేనే, సుబేక్తీ" అన్నాడు కస్మిన్. పీట మీద నుంచి లేవలేదు. "నువ్వు సురబాయా నుంచి రావాలని ఒక రాత్రంతా ఆమెను ఇక్కడే పెట్టాం. ఇదిగో, ఈ చెట్టు కింద. నువ్వు వచ్చి పడ్డావు, నేల మీద బోర్లా. నీ చొక్కాకు మట్టి అంటలేదు. ఎందుకో తెలుసా? ఊడ్చి ఉంది కాబట్టి. ఇప్పుడేమో ఎవరి వాడుకలోనూ లేదని రాశావు. మీ అమ్మ ఎవరూ కాదా?"

సుబేక్తి పుల్లను వదిలేశాడు. ముఖం ఎర్రబడింది. సిగ్గుతో కాదు. అలాంటివాళ్ళకు సిగ్గు రావడం కస్మిన్ ఎప్పుడూ చూడలేదు. నలుగురిలో అనిపించుకున్నందుకు ఎర్రబడింది.

"సాయంత్రం అసర్ నమాజు దాకా చూస్తా" అన్నాడు అందరికీ వినపడేట్టు. "బాంగు వినపడేలోపల శవం చూపించు. లేదా నీ జెండా నువ్వే పీకు. పీకకపోతే నేను పీకుతా, వేరే మనుషుల్ని తెచ్చి రాత్రికి కంచె కట్టిస్తా. రేపు ఆఫీసరు వచ్చేటప్పటికి తాళం వేసి ఉండాలి."

"అసర్ దాకా చాలు" అన్నాడు కస్మిన్.

*

జనం చెదిరిపోలేదు. పొద్దున ఊడ్చిన గీతల మీద అడుగులు పడ్డాయి, సిగరెట్టు పీకలు పడ్డాయి. దర్సో మనుషులు అన్నం పొట్లాల ఆకులు అక్కడే వదిలేశారు. కస్మిన్ పీట మీద నుంచి అన్నీ చూశాడు. మధ్యాహ్నం నమాజు అయ్యాక లేచి చీపురు అందుకున్నాడు. రోజులో రెండోసారి ఊడవడం అతను ఎన్నడూ చెయ్యలేదు.

వెనక్కి నడిచాడు. ఒక అడుగు, ఒక గీత. ఒక అడుగు, ఒక గీత. అతను వెనక్కి వస్తుంటే నిలబడినవాళ్ళు జరిగి దారి ఇచ్చారు. ఎవరూ చెయ్యి సాయం చెయ్యలేదు. చెయ్యబోతే అతను ఒప్పుకునేవాడూ కాదు. మబ్బు కమ్మింది. గాలి లేదు. చొక్కా మీది కళ్ళద్దాల బొమ్మ చెమటకు తడిసి నల్లబడింది. సపోటా చెట్టు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. పూడ్చిన నాలుగో గుంత మీద కూడా చీపురు ఆడించాడు. చివరి గీత చెట్టు మొదట్లో ఆగింది. అక్కడే కూర్చున్నాడు. కర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు. కుడిచేత్తో ఎడమ చెయ్యి పట్టుకున్నాడు.

తిజా చూస్తోంది. కొట్టు వదిలేసి వచ్చి, ఊడ్చిన నేల అంచున చెప్పులు విప్పి నిలబడింది.

"బాబాయ్, నీ ముఖం బాగాలేదు. ఆరోగ్యకేంద్రానికి పోదాం. మోటారు సైకిలు పిలుస్తా."

"కాఫీ పొయ్యి" అన్నాడు కస్మిన్.

ఆమె విననట్టు చూసింది.

"చక్కెర తక్కువ. నీ చెయ్యి ఎప్పుడూ ఎక్కువ వేస్తుంది."

తిజా గీతల మీదుగానే పరిగెత్తింది. నీళ్ళు కాగేదాకా పొయ్యి ముందు నిలబడి ఏదో తిట్టుకుంది, ఎవర్నో తెలీకుండా. గాజుగ్లాసులో పొడి వేసి, వేడినీళ్ళు పోసి, అర చెంచా చక్కెర వేసి, ఇంకో అర వెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. మూత పెట్టి తెచ్చింది.

కస్మిన్ చెట్టుకు ఆనుకుని ఉన్నాడు. తల ఒక పక్కకు వాలింది. కళ్ళు సగం తెరిచి, జాగా అంచు దాకా తను గీసిన గీతల్నే చూస్తున్నట్టు ఉన్నాయి.

"ఇదిగో. తక్కువే వేశా" అంది తిజా.

గ్లాసు అతని పక్కన పెట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. చాలాసేపు పెట్టింది. పాల్మో ముసలాయన దగ్గర అతను పెట్టినంతసేపు.

మసీదు మైకు గరగరలాడి అసర్ బాంగు మొదలయింది. సరిగ్గా అప్పుడే సుబేక్తి రెండో సందులోంచి వచ్చాడు. వెనక ఇద్దరు కొత్త మనుషులు, గునపాలతో.

తిజా లేవలేదు. ముసలాడి మోకాళ్ళ మీది చీపురు తీసి పక్కన పెట్టి, అతని రెండు చేతులూ ఛాతీ మీద కలిపింది.

"శవం అడిగావుగా" అంది. "వచ్చింది. చూసుకో."

కొత్త మనుషులిద్దరూ గునపాలు నేల మీద పెట్టి టోపీలు తీశారు.

*

వాన పడేలా ఉంది. పందిరి వెయ్యాలి. మసీదు టార్పాలిన్లు ఉన్నాయి గానీ, గుంజలు వరద రోజుల్లో కొట్టుకుపోయాయి.

దర్సో జాగా అంచున నడుస్తూ గుంతలు చూసుకున్నాడు. "గుంతలున్నాయి. స్తంభాలున్నాయి. ఇంకేం కావాలి?" అన్నాడు. లారీలోంచి స్తంభాలు దింపించాడు. సిమెంటు బస్తా ముట్టుకోనివ్వలేదు. ఒక్కో గుంతలో ఒక్కో స్తంభం దించి, చుట్టూ రాళ్ళు బిగించి, వాటి నుంచి ఎదురిళ్ళ చూరుల దాకా తాళ్ళు లాగి టార్పాలిన్లు కట్టారు. నాలుగో గుంత దగ్గరికి వచ్చినప్పుడు కుర్రాళ్ళలో ఒకడు మట్టి తవ్వబోయాడు.

"అది వదిలెయ్" అన్నాడు దర్సో.

సుబేక్తి ఒక మూల నిలబడి ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. "లేదు సార్... రేపు కాదు సార్... ఏడు రోజుల దువా ఉంటుంది సార్, పందిరి తియ్యరు... తరవాత నలభయ్యో రోజు... నూరో రోజు..." అటువైపు మనిషికి ఓపిక పోయినట్టుంది. సుబేక్తి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

తిజా పందిరి కింద కూర్చుని చీపురు ఒళ్ళో పెట్టుకుంది. కొట్టులోంచి ఎర్ర మిరపకాయలూ చిన్న ఉల్లిపాయలూ తెచ్చింది. ఈనెలకు ఒక్కొక్కటే గుచ్చింది.

"ఆయనకు ఇష్టం ఉండదమ్మా" అన్నాడు ముక్రి. "చీపురు ఊడవడానికి అనేవాడు."

"అనేవాడు. ఇప్పుడు అనమను" అంది తిజా. ముక్కు చీది, కొంగుకు తుడుచుకుని, లేచి వెళ్ళి పూడ్చిన నాలుగో గుంతలో కర్ర దించింది. మట్టి ఇంకా మెత్తగానే ఉంది. ఈనెలు ఆకాశం వైపు నిలిచాయి.

మర్నాడు శుక్రవారం నమాజు అయ్యాక వాన పడింది. మామూలుగా కాదు, కుండపోత. టార్పాలిన్ కింద చోటు చాలలేదు. సందుల్లోంచి వచ్చిన జనం, పక్క వాడల జనం, నమాజు చాపలు తడుస్తున్నా జాగా నిండా వరసలు కట్టారు. జనాజా సపోటా చెట్టు కింద ఉంది. ఎవరూ కదల్లేదు. సంతకాలు పెట్టినవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. వాళ్ళని కస్మిన్ క్షమించి ఉండడు. వాళ్ళు వచ్చింది క్షమాపణకు కూడా కాదు. జెండా నాటి ఉంది గనక వచ్చారు.

తాలూకా ఆఫీసరు గొడుగు పట్టుకుని, సంకలో ఫైలుతో సందు చివర ఆగాడు. కంచె కోసం వెతికాడు. స్తంభాలు కనపడ్డాయి, వాటి మీద పందిరి కనపడింది. ముందుకు రావడానికి అడుగు పట్టే చోటు లేదు.

"ఖాళీ స్థలం అన్నారే" అన్నాడు పక్కనున్న మనిషితో. ఆ మనిషి తిజా.

"ఖాళీ ఎక్కడుందో చూపించండి సార్, నేనూ నిలబడతా" అంది. "మీరు నిలబడాలంటే మాత్రం బూట్లు విప్పాలి. ఇది ఊడ్చిన నేల."

ఆయన కొంచెంసేపు వానలో నిలబడ్డాడు. తరవాత బూట్లు విప్పి, ఫైలు చొక్కాలో దూర్చుకుని, చివరి వరసలో చేరాడు. ఆయన పక్కన సుబేక్తి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

ఆఫీసరు ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. ఏడో రోజు పందిరి విప్పారు. దర్సో స్తంభాలు పీకి లారీలోకి ఎక్కించాడు. పది గుంతలూ తన మనుషులతోనే పూడ్పించాడు. సందు మొదట్లోని పసుపు జెండా కాగితం వానకు చిరిగి, పుల్ల మాత్రం మిగిలింది. నాటినవాడు లేడు గనక ఎవరూ తియ్యలేదు.

ఎనిమిదో రోజు తెల్లవారింది. జాగా నిండా అడుగులే ఉన్నాయి. బూట్లవి, చెప్పులవి, వట్టి కాళ్ళవి, ఒకదాని మీద ఒకటి. వాటి మధ్య నాలుగో గుంతలో ఆ చీపురు తలకిందులుగా నిలబడి ఉంది, ఎడమవైపు ఏటవాలుగా అరిగిన ఈనెలకు రెండు ఎండు మిరపకాయలతో.